ఒక ముక్క తక్కువ

మంగళవారం మధ్యాహ్నం తన బారులో కుస్తోదియా పొరపాటున ఫెర్మీన్ ముందు టమాటాలో ఉడికించిన పంది మాంసం పెట్టింది. అతనికి వెళ్లాల్సింది ఆలివ్ కాయలు. ఆమె చూసుకునేసరికి ఫోర్కు ఒక ముక్కలో దిగిపోయి ఉంది. గుచ్చిన ముక్కను అతనికే వదిలేసి, పళ్లెం తీసుకెళ్లి పక్క బల్ల మీది డచ్చి జంటకు పెట్టింది. వాళ్లు దానికి ఫొటో తీసుకున్నారు.

స్పెయిన్‌లోని గ్రనాదాలో గ్లాసు బీరు చెబితే, తినడానికి ఏదో ఒకటి ఊరికే వస్తుంది. రెండో గ్లాసుకి ఇంకాస్త మంచిది వస్తుంది. సైదీన్ పేటలో ఈ బారును కుస్తోదియా తండ్రి నడిపిన రోజుల్లోనూ అంతే. ఆయన స్నేహితుడు ఫెర్మీన్ గోడలకు పూత పూసే పని చేసి మానేశాడు. ఎప్పుడూ ఒక్క గ్లాసే తాగుతాడు. దానితో వచ్చేదే అతని మధ్యాహ్నభోజనమని కుస్తోదియాకు తెలుసు. అందుకే ఇన్నేళ్లూ మొదటి గ్లాసుకే మాంసం పెట్టేది, ఏదో చెయ్యి జారి పెట్టినట్టు.

తర్వాత విదేశీయులు దిగారు. ఈ ఊళ్లో చవగ్గా బతికేయొచ్చని ఇంటర్నెట్‌లో చదివారట. మూడేసి గ్లాసులు తాగేవాళ్లు, ఆమె వంటను ఆకాశానికెత్తేవాళ్లు. కుస్తోదియాకు అది బాగానే ఉండేది. కుండలోని మాంసమంతా మెల్లగా అటు మళ్లింది, పాతవాళ్లకు ఆలివ్ కాయలు మిగిలాయి. ఫెర్మీన్ ఇంటి యజమాని కూడా పై వాటా వాళ్లకిచ్చి, కింది వాటాలో ఉన్న ఇతని అద్దె పెంచేశాడు. అదీ ఆమెకు తెలుసు.

ఆ మంగళవారం ఫెర్మీన్ ఉన్న ఒక్క ముక్కనూ నిదానంగా నమిలి, బీరు డబ్బులు పెట్టి, "బాగుందమ్మాయ్" అని లేచాడు.

తిట్టినా బాగుండేది. మర్నాడు అతను రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. డచ్చి అమ్మాయి ఆ కూర ఎలా వండాలో అడిగితే కుస్తోదియాకు చెవులు వేడెక్కాయి, ఉప్పు ఎంతో కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసి, అతను కాకపోతే మళ్లీ బల్ల తుడవడం మొదలుపెట్టేది.

శుక్రవారం వంటింటిని మేనకోడలికి వదిలి బయల్దేరింది. ఒక చేతిలో మూతపెట్టిన పళ్లెం, ఇంకో చేతిలో బీరు గ్లాసు. గ్లాసు లేకుండా పళ్లెం ఒక్కటే తీసుకెళ్తే అది బిచ్చం కిందికి వస్తుంది. వీధంతా ఆమెనే చూసింది.

ఫెర్మీన్ తలుపు సగమే తీశాడు. గ్లాసు వంక చూశాడు, పళ్లెం వంక చూశాడు.

"నురగంతా చచ్చిపోయింది. నేను చెప్పని గ్లాసు, అడగని కూర. నన్ను అడుక్కునేవాణ్ణి చేద్దామని వచ్చావా అమ్మాయ్?"

కుస్తోదియా పళ్లెం ముందుకు చాపింది.

"ఇది నీ మంగళవారం పళ్లెమే బాబాయ్, నువ్వు తినేసిన ముక్క తగ్గించే తెచ్చాను."