మూడో ఎర్ర తీగ

మా ఆయన నిద్రలో మాట్లాడతారు. ఏ పాత స్నేహితురాలి పేరో కలవరిస్తే తగువైనా పెట్టుకోవచ్చు. ఈయన కలవరించేది అంకెలు. “ఇరవై నాలుగు వస్తోంది... ఇక్కడిదాకా వస్తోంది... అటు లేదు.” పెళ్లయిన కొత్తలో ఇది విని హడలిపోయాను. పొద్దున్నే అత్తయ్యకు చెబితే ఆవిడ పడీ పడీ నవ్వింది. “భయపడకమ్మాయ్. వాడు గోడల్లో తిరుగుతున్నాడు. తెల్లారేసరికి వచ్చేస్తాడులే,” అంది.

ఆయన పని గ్యాస్ హీటర్లు, బాయిలర్లు బాగుచేయడం. గ్యాస్ మెకానిక్ అనగానే జనానికి గొట్టాలూ మంటా గుర్తొస్తాయి. కానీ పది ఫిర్యాదుల్లో ఏడు గ్యాస్‌లో ఉండవట, కరెంటులో ఉంటాయట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన కళ్లు సగం మూతపడతాయి. భవనంలోకి వచ్చే పెద్ద కరెంటును ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై నాలుగు వోల్టులకు దించుతుంది. ఆ చిన్న కరెంటు ముందు థర్మోస్టాట్ దగ్గరికెళ్లి, చల్లగా ఉందా అని అడుగుతుంది. ఉందంటే అక్కణ్ణుంచి ఒక్కో రక్షణ స్విచ్చూ దాటుకుంటూ వెళ్లి, చివరికి గ్యాస్ వాల్వును తెరుస్తుంది.

“ఒక్కో స్విచ్చూ ఒక కాపలావాడే. ఒకడు వేడి మించిందేమో చూస్తాడు, ఒకడు పొగ సరిగ్గా బయటికి పోతోందా అని చూస్తాడు. అందరూ సరేనంటేనే మంట. ఒక్కడు కాదన్నా లేదు,” అనేవారు.

వోల్టులు కొలిచే మీటరు పట్టుకుని ఆయన చేసేదల్లా ఆ దారెంట నడవడమే. ఇక్కడ ఇరవై నాలుగుంది, ఇక్కడా ఉంది, ఇక్కడ లేదు. ఎక్కడ ఆగిందో అక్కడ రోగం. ఈ మాట జపించీ జపించీ ఊళ్లో ఆయన అసలు పేరే మాసిపోయింది. అందరికీ ఆయన ‘ఇరవై నాలుగు’. నన్ను ఇరవై నాలుగుగారి భార్య అంటారు. ఇదేం ఖర్మో!

ఇక తీగల సంగతి. కాపలావాడు కాదన్నాడనుకోండి. నిజంగా ప్రమాదం చూసి కాదన్నాడా, వాడికే జబ్బు చేసిందా తెలియాలి. అందుకు స్విచ్చు రెండు కొసల్నీ ఒక చిన్న తీగతో నిమిషంపాటు కలుపుతారు. అంటే వాడి నోరు నొక్కేసినట్టే. ఆ తీగ తీసేదాకా మెకానిక్ అక్కణ్ణుంచి కదలకూడదు. అలాంటి తీగలు ఆయన దగ్గర మూడున్నాయి. రెండువైపులా క్లిప్పులు. మరిచిపోకుండా కంటికి కనబడాలని ఒక్కోదానికీ జానెడు ఎర్ర రిబ్బను కుట్టిచ్చింది నేనే. నాకు బట్టలు కుట్టే కొట్టుంది లెండి. రోజూ పొద్దు వాలకముందే ఆయన కొట్టుకొచ్చి, నా కత్తిరింపుల బల్ల మీద ఆ తీగలు పరిచి, “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టి రేకు డబ్బాలో వేస్తారు. ఆ తర్వాతే టీ, ఆ తర్వాతే పెళ్లాం. బంగారం కొట్టువాడు కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టడని ఏడిపించేదాన్ని.

ఆ రోజు పొద్దుటి నుంచీ పొగమంచు. మధ్యాహ్నమైనా విడవలేదు. మనుషులు మంచులోంచి సగం బయటికొచ్చి, పలకరించి, మళ్లీ అందులోకే వెళ్లిపోతున్నారు. కొట్లో మిషను చప్పుడు కూడా దూరం నుంచి వస్తున్నట్టుంది. నాకు కునుకు పడుతుండగా ఆయన వచ్చారు. బల్ల మీద తీగలు పరిచారు.

“ఒకటి, రెండు.”

ఆగారు. మళ్లీ లెక్కపెట్టారు. రెండే.

“మూడోదేదీ?” అన్నాను.

“అదే చూస్తున్నా.”

జేబులు దులిపారు. సంచీ బోర్లించారు. వ్యాను సీటు కింద చెయ్యి పెట్టి వెతికారు. తిరిగొచ్చేసరికి ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“ఎక్కడో పెట్టి మరిచిపోయానే. ఎక్కడో ఒక హీటరు కాపలా లేకుండా మండుతోంది. పొగ వెనక్కి తన్నినా అది ఆగదు. మండీ మండక పుట్టే ఆ విషానికి రంగుండదు, వాసనుండదు. ఊరికే నిద్రొస్తుంది. ఆ నిద్రపట్టినవాళ్లు మళ్లీ లేవరు.”

ఆ రోజు ఆయన వెళ్లింది మూడు చోట్లకి: చిన్నపిల్లల బడి, లాండ్రీ, మూడంతస్తుల ఆఫీసు. వెంటనే ఫోన్లు చేశారు. లాండ్రీ ఆవిడ హీటరు ఆపేస్తానంది. ఆఫీసు కాపలాదారు కూడా ఆపేస్తానన్నాడు. బడిలో ఎవరూ ఎత్తలేదు. నేను కొట్టు మూసి వ్యాను ఎక్కేశాను. ఆలస్యమవుతుందని చెప్పడానికి ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తలేదు. ఆవిడకి ఒక చెవి వినబడదు, అందుకని అది మాకు మామూలే.

బడిలో పొడుగాటి గది. కిటికీల నిండా తెల్లటి మంచు. కింద చాపల మీద ముప్ఫైమంది పసివాళ్లు నిద్రపోతున్నారు. ఆయా మమ్మల్ని చూసి పెదవుల మీద వేలు పెట్టింది. గదంతా వెచ్చగా, మెత్తగా, అదేదో నీళ్లకింద లోకంలా ఉంది. ఎప్పుడైనా అయితే ఆ తలుపు దగ్గరే కూర్చుని నేనూ కళ్లు మూసేదాన్ని. ఆ రోజు మాత్రం నిద్ర అన్నదే నాకు శత్రువైంది. ఆయన బాయిలర్ గదిలోకి పరిగెత్తారు. నేను వంగి ఒక్కొక్కరి పొట్టా చూస్తున్నాను, లేస్తోందా, పడుతోందా అని. ఇరవయ్యో బిడ్డ దగ్గర ఉండగా ఓ మూల ఎవడో గట్టిగా తుమ్మాడు. పక్కవాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. అంత తియ్యటి ఏడుపు నా జన్మలో వినలేదు.

“ఇక్కడ లేదు. నీలంగా, శుభ్రంగా మండుతోంది,” అని వచ్చారాయన.

లాండ్రీలోనూ లేదు. ఆవిడ మిషన్లన్నీ ఆపి గుమ్మంలో నిలబడి ఉంది. గుండ్రటి అద్దాల వెనక తడిబట్టలు ఎక్కడివక్కడ ఆగిపోయున్నాయి. “నా పని నాశనం చేశావు కదయ్యా ఇరవై నాలుగూ!” అని ఆవిడ అరుస్తుంటే ఆయన రెండు చేతులూ జోడించి బయటికొచ్చారు.

మళ్లీ ఇంటికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఇక మిగిలింది ఆఫీసే. వ్యాను మంచులో నత్తనడక నడుస్తోంది. ఆయన పక్కన కూర్చుంటే ఆయన కలలోకి నన్నూ లాక్కెళ్లినట్టుంది. రోడ్డు లేదు, ఇళ్లు లేవు, అక్కడక్కడ పసుపుపచ్చగా ఒక కిటికీ. ఆయన సన్నగా గొణుక్కుంటున్నారు, “బోర్డు చూశాను... ఫ్యూజు మార్చాను... మీటరు పెట్టాను...” రోజంతా వెనక్కి నడుస్తున్నారన్నమాట. ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

ఆఫీసు నేలమాళిగలో తీగ తప్పకుండా ఉంటుందని ఇద్దరం నమ్మేశాం. మిగిలింది అదొక్కటే కదా! ఆయన లోపలికెళ్లారు. నేను మెట్ల మీద కూలబడ్డాను. కాపలాదారు పెద్దాయన మంచివాడు. గ్లాసులో టీ పోసిచ్చాడు. నేను చేతిలో పట్టుకుని అలాగే చూస్తుంటే, “తాగమ్మా, చల్లారిపోతోంది,” అన్నాడు.

చల్లారిపోతోంది.

ఆ మాట ఆ రోజు నేనే అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పొద్దున్న, మా వంటింట్లో.

వారం నుంచి మా హీటరు వెలిగి ఆరిపోతోంది. “ఊరందరికీ వేణ్ణీళ్లు, మనకి మాత్రం చన్నీళ్లు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!” అని ఆ పొద్దున్న దులిపేశాను. ఆయన సరేనని వంటింటి పక్కనున్న హీటరు అర తలుపు తీసి, మీటరు పట్టుకుని కూర్చున్నారు. “ఇరవై నాలుగు... ఇరవై నాలుగు... అటు లేదు. పొగ చూసే స్విచ్చు కాదంటోంది. ఎందుకంటోందో చూడాలి,” అన్నారు. లోపల ఏదో తగిలించగానే మంట భగ్గున వెలిగింది. అప్పుడే నేను, “ఏవండీ, టీ చల్లారిపోతోంది!” అని కేకేశాను. “వస్తున్నా, ఒక్క నిమిషం,” అన్నారు. ఆ ఒక్క నిమిషం నేను ఇవ్వలేదు. మూడో కేకకి లేచొచ్చారు. టీ సగం తాగేలోగా బడి నుంచి ఫోను, పిల్లలు చలికి వణుకుతున్నారని. ఆయన అటే పరిగెత్తారు. కుళాయిలో వేణ్ణీళ్లొచ్చాయి. నేను పొంగిపోయి, చేతిలో కప్పులతో మోచేత్తో ఆ అర తలుపు నెట్టేశాను. లోపలికి చూడనైనా చూడలేదు.

ఆయన లెక్కలో ఆ రోజు పని మూడు చోట్ల. ఇంట్లో చేసింది పని కాదు కదా! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

గ్లాసు చేతిలోంచి జారిపోయింది. “ఏవండీ!” అని నేనరిచిన అరుపుకి ఆయన నేలమాళిగలోంచి రెండేసి మెట్లెక్కి వచ్చారు.

“మనింట్లో,” అన్నాను. “అత్తయ్య...”

ఆయన వ్యాను వైపు పరిగెత్తారు. వ్యానులోంచే అంబులెన్సుకి ఫోన్ చేయించారు నాచేత.

ఇల్లు చేరేసరికి కిటికీలన్నీ మూసున్నాయి, లోపలికి మంచు రాకుండా. తలుపు తీయగానే వెచ్చదనం ముఖానికి తగిలింది. ఆ చలిలో ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది. నన్ను బయటే ఉండమని ఆయన ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి గ్యాసు కట్టేశారు. తలుపులూ కిటికీలూ బార్లా తీశారు. అత్తయ్య వంటింట్లో కుర్చీలో ఉంది. మధ్యాహ్నమంతా వేణ్ణీళ్లు పెట్టి దుప్పట్లు ఉతికినట్టుంది. మడతపెట్టిన దుప్పటి మీద తల ఆన్చి, చిన్నపిల్లలా నిద్రపోతోంది. ఆయన ఆవిడను రెండు చేతుల మీద ఎత్తుకుని మంచులోకి తెచ్చారు.

“అమ్మా! అమ్మా! లే అమ్మా!”

నేను ఆవిడ చెంపలు తట్టాను, అరికాళ్లు రుద్దాను, నోటికొచ్చిన దేవుళ్లందర్నీ పిలిచాను. ఎంతసేపో తెలియదు. ఆవిడ కనురెప్పలు కదిలాయి.

“ఎందుకురా అలా అరుస్తావు,” అంది పీలగా. “మీ నాన్న గోడలోంచి తలుపు తీసి పిలుస్తున్నాడు. మంచి కల పాడుచేశావు.” మామయ్య పోయి ఏళ్లయింది.

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో ఆవిడకి ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి తలనొప్పి తగ్గి, గంజి చప్పగా ఉందని నర్సుతో పోట్లాడే స్థాయికి వచ్చింది. ఆయన ఇంటికెళ్లి పొగగొట్టం విప్పితే పైనుంచి పిట్టగూడు పడింది. పుల్లలూ, ఈకలూ, నా కొట్టులోంచే ఎత్తుకెళ్లిన దారప్పోగులూ. పొగ చూసే కాపలావాడు వారం రోజులుగా నిజమే చెబుతున్నాడు.

ఎలా జరిగిందని డాక్టరు అడిగితే, ఆయన, “నేనే పెట్టి మరిచిపోయానండీ. తప్పు నాది,” అన్నారు. వీధిలో అందరితోనూ అదే చెప్పారు. నా కేకల మాట ఒక్కరి దగ్గరా ఎత్తలేదు. నన్ను ఒక్క మాటంటే నేను పది అని తేలికపడేదాన్ని. ఏమీ అనని మనిషితో ఏం చేస్తాం? వారం రోజులు అన్నం సహించలేదు. చివరికి అత్తయ్య మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఆవిడ వినబడే చెవి నా వైపు తిప్పి అంతా విన్నది. “టీకి పిలవడం తప్పైతే, పిలవగానే లేచొచ్చేలా వాణ్ణి పెంచిన నాది ఇంకా పెద్ద తప్పు. ముక్కు తుడుచుకో,” అంది. నేను ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని భోరున ఏడ్చాను.

ఇప్పుడు ఆయన ఎక్కడ పని ముగించినా గుమ్మం దాటే ముందే మూడు తీగలూ లెక్కపెడతారు. ఇంట్లో అయినా అంతే. నిన్న కూడా హీటరు ముందు కూర్చుని, కళ్లు సగం మూసుకుని ఆ దారిలో నడుస్తున్నారు. అత్తయ్య గదిలోంచి, “మూడేనా?” అని అరిచింది. నేను టీ గ్లాసు పట్టుకుని ఆయన వెనకే నిలబడ్డాను. నోరు మెదపలేదు. టీ మీద మీగడ కట్టింది. చల్లారనీ అనుకున్నాను.