బ్రేకమ్మ మాటిచ్చిన ఆదివారం

బ్రేకమ్మ అన్న పేరు పెట్టింది మరదలే. పెట్టదూ మరి! ఎవరి కారెక్కినా లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉంటుంది ఆవిడ. అది రోగం కాదండీ, ఉద్యోగం. విదేశాల నుంచి వచ్చి కార్లు అద్దెకు తీసుకునే టూరిస్టుల పక్కన కూర్చుని, మొదటి రౌండు తిప్పించి తీసుకురావడం ఆవిడ పని. కుడివైపు నడపడం అలవాటైన చేతులు ఇక్కడ ఎడమకు తిరగాలంటే మాటలా!

"బెల్టు పెట్టుకోండి. ఫోను లోపల పడేయండి. సర్కిల్ దగ్గర కుడి నుంచి వచ్చేవాళ్లకి దారివ్వండి" అని పొద్దస్తమానం చెబుతుంది. చివర్లో మాత్రం గొంతు పెంచుతుంది. "బండ్లున్నప్పుడు ఎవరూ తప్పరు, ముందువాడి వెనకే పోతారు. బంకులోంచి ఖాళీ రోడ్డెక్కారో, పాత అలవాటు లాక్కుపోతుంది. అక్కడ జాగ్రత్త." వాళ్లు తలలూపి, ఆవిణ్ణి ఆఫీసు ముందు దింపేసి, సముద్రమో కొండలో చూడ్డానికి పోతారు. ఆవిడ తన ఒంటి గదికి పోతుంది.

మొగుడు పోయాక మిగిలిన వాళ్లు తమ్ముడు, మరదలు, చిన్నారి మేనకోడలు. ఆదివారాలు వాళ్లు కారులో షికారు పోతారు. ఒకప్పుడు ఆవిణ్ణీ తీసుకెళ్లేవారు. దారి పొడుగునా "ఒరే మెల్లగారా", "ఒరే ఇండికేటరు వెయ్యరా" అని ప్రాణం తోడేస్తుంటే విసుగెత్తి మానేశారు. వాళ్లననడానికేం లేదు, ఈవిడ నోరే అంత. కానీ ఆదివారం పూట ఆ గదిలో ఆవిడకు పిచ్చెక్కినట్టుండేది.

ఈ మధ్య తమ్ముడు కుటుంబంతో విదేశం వెళ్లి, అక్కడి పద్ధతిలో రెండు వారాలు కుడివైపున అద్దె కారు నడిపి వచ్చాడు. ఆ హుషారులో ఫోను చేశాడు.

"నోరెత్తనంటే రా అక్కా."

"ఒట్టురా, కిక్కురుమనను."

వెనక సీట్లో పాప పక్కన కూర్చుంది. తమ్ముడు స్పీడు పెంచాడు, ఊరుకుంది. ఇండికేటరు వెయ్యకుండా తిప్పాడు, పెదవి కొరుక్కుని మరీ ఊరుకుంది.

"అబ్బో, వదిన మారిపోయారు!" అని మరదలు నవ్వింది. "వచ్చే వారం కూడా రండి వదినా."

ఆ మాటకే ఆవిడకు కడుపు నిండిపోయింది.

బంకులో పెట్రోలు పోయించుకుని బయటికొచ్చారు. రోడ్డు ఖాళీ. తమ్ముడు కబుర్లు చెబుతూ కారును తాపీగా రోడ్డుకి కుడివైపు ఎక్కించాడు. ఎదురుగా మలుపు. నోరెత్తితే వచ్చే వారం పోయినట్టేనని ఆవిడకు తెలుసు. సిగ్గుచేటు, ఒక్క క్షణం ఆగింది కూడా.

"ఎడమకి తియ్యరా! ఎడమకి!"

కారు అదిరిపోయేలా అరిచింది. తమ్ముడు స్టీరింగు తిప్పేశాడు. మలుపులోంచి వచ్చిన లారీ హారను మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. పాప ఏడుపు లంకించుకుంది.

"ఏంటి వదినా ఆ కేక! పిల్ల దడుచుకుంది" అంది మరదలు.

"నేను చూసుకుంటున్నాగా" అన్నాడు తమ్ముడు. స్పీడు మాత్రం సగానికి తగ్గించాడు.

"అవున్రా" అంది ఆవిడ.

తరవాతి ఆదివారం ఆవిడ పొద్దున్నే తయారై కూర్చుంది. ఎంతసేపటికీ రాకపోతే తనే ఫోను చేసింది.

"ఈసారి కారులో చోటు లేదక్కా."

ఐదుగురు పట్టే కారు. ఎక్కేది ముగ్గురు. "సరేరా" అని ఫోను పెట్టేసింది. ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు, నాకంతే చాలు అనుకుంది. చాలలేదు. మంచమ్మీద కూర్చుని భోరుమంది.