ర్యాంకెంతక్కా?

ఆ రోజుల్లో నాకు ఫోన్ మీద ఉన్న నమ్మకం ఇంట్లో మనుషుల మీద ఉండేది కాదు. బిడ్డకు మూడో నెల. నేను కన్ను మూస్తే వాడు ఊపిరి తీయడం మరిచిపోతాడని నా భయం. ఎవరికైనా చెబితే తాయెత్తు కడతారు కాబట్టి (నాకా, వాడికా అన్నది తేలదు), చదువుకున్నదాన్ని గనక ఫోన్‌లో వెతికాను. లైసెన్సు ఉన్న సైకాలజిస్టు దగ్గర కౌన్సెలింగ్ తీసుకోమని ఉంది. బ్యాంకు పని ఉందని చెప్పి, బిడ్డ మీద నుంచి చూపు తిప్పనని మా అత్త చేత ఒట్టు వేయించుకుని బయల్దేరాను.

మా ఊళ్లో సైకాలజిస్టు బోర్డు ఒక్కటీ లేదు. బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ మీద మాత్రం 'ఇచ్చట కౌన్సెలింగ్ చేయబడును' అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపలికి వెళ్లాను.

"ర్యాంకెంతక్కా?" అన్నాడు సెంటర్ అతను.

చెప్పాను. (నిద్ర లేని మనిషి అడిగినదానికల్లా జవాబిస్తుంది. అది ఎప్పుడో పెళ్లికి ముందు ఇంజనీరింగ్ పరీక్షలో నాకొచ్చిన ర్యాంకు.)

"ఈ ర్యాంకుకు సీటు కష్టం. పాపకా, బాబుకా?"

"బాబుకే. మూడో నెల."

అతను మౌస్ వదిలేసి నన్ను చూశాడు. "ఇప్పటి నుంచే యాలక్కా తొందర?"

సీటు కోసం కాదని, ఇంట్లో మనసు బాగుండటం లేదని గొణిగాను. "ఓ, ఆ కౌన్సెలింగా. అది పోలీస్ స్టేషన్లో చేస్తారు పో," అన్నాడు. సైకాలజిస్టు అక్కడే కూర్చుంటుంది కాబోలనుకుని వెళ్లాను.

మహిళా కానిస్టేబుల్ మంచినీళ్లిచ్చి, "కొడతాడా?" అంది.

"ఎవరు?"

"భయపడాకు. నీ మొగుని నంబరియ్యి."

ఇచ్చాను. (అడిగింది కదా.) ఆమె అప్పుడే ఫోన్ కలిపింది.

"ఏమప్పా, నీ పెండ్లాము కౌన్సెలింగు కావాలని వచ్చిండాది. యాడున్నావో అట్లే రా."

గుంతకల్లులో రైల్వే డ్యూటీలో ఉన్న మా ఆయన ఆ బట్టలతోనే వచ్చాడు. వస్తూ వస్తూ అత్తనూ బిడ్డనూ వెంటబెట్టుకొచ్చాడు. "మేడం, నా కొడుకు చీమనైనా కొట్టినోడు కాదు. కావాలంటే దాన్నే అడుగు," అంది అత్త.

అందరూ నావైపు తిరిగారు. ఇక తప్పలేదు.

"ఆయనేం చేయలేదు. నేను నిద్రపోతే వీడు చచ్చిపోతాడని భయంగా ఉంది."

కానిస్టేబుల్ పెన్ను మూసేసింది. అత్త అంది, "ఈ మాట చెప్పేకి స్టేషన్ దంకా రావల్లనా? ఇంట్లో చెప్పింటే వంతులేసుకోని చూసుకోనుంటిమి గదే."

ఆ వారమే మా ఆయన నలుగురినీ విచారించి, అనంతపురంలో నిజంగా లైసెన్సు ఉన్న సైకాలజిస్టును పట్టుకున్నాడు. ఆవిడ నన్నేమీ అడక్కముందే నేను లైసెన్సు చూపించమన్నాను. ఆవిడ చూపించింది. చివరిదాకా చదివి అప్పుడు ఏడ్చాను. నిద్ర ఒక్కరోజులో రాలేదు, చాలా వారాలు తిరిగాను. మేము వెళ్లిన ప్రతిసారీ అత్త బయట బిడ్డను ఎత్తుకుని, అడిగినవాళ్లందరికీ "కోడలికి నిద్ర నేర్పిస్తాండారు," అని చెప్పేది.

ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు. అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ స్టేషన్ బల్ల మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్ల, అంటే అప్పటి నేను, ఇవాళ కనబడితే ఏమీ అడగను. బిడ్డను ఇటియ్యి, కొంచేపు పండుకో అంటాను. ఇవ్వదని తెలుసు. అయినా పక్కనే కూర్చుంటాను.