పడవలు కదలని రోజున కళింగపట్నం

అంతరిక్షంలో మనం కూడా ఆయుధాలు పెట్టుకోవాలా అన్న విషయం మీద మా కాలేజీ సెమినార్‌లో మాట్లాడాలి. రాజనీతిశాస్త్రం చెప్పే నేను పెట్టుకోవాలని ఓ పేజీ, వద్దని ఓ పేజీ రాశాను. ముగింపు తేలలేదు. కాస్త గాలి మారితే తేలుతుందేమోనని ఆదివారం పొద్దున్నే విజయనగరంలో రైలెక్కాను. గంట పైన పట్టింది ఆమదాలవలసకి. అక్కడి నుంచి బస్సులో శ్రీకాకుళం, ఆపైన ఆటో. రానూపోనూ ఏడు వందలకి ఒప్పుకున్నాడు సూరిబాబు.

"ఈయేల సేపలు దొరకవమ్మా. మిసైలు పరీచ్చంట, పడవల్ని ఎల్లొద్దన్నారు," అన్నాడు దారిలో.

నిజమే, పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని కోసం ఎర్రమ్మ అనే ఆవిడ నీళ్లంచున నిలబడి ఉంది. అందరూ ఆగిపోతే చేపలన్నీ తనకే పడతాయని ఆమె భర్త దానయ్య తెల్లారకముందే ఎవరికీ చెప్పకుండా వెళ్లాడట. ఫోను కలవడం లేదు.

"సముద్రం ఈడి బాబు సొత్తేటి!" అని తిడుతూనే ఉంది గానీ, చూపు మాత్రం దూరం నుంచి మరల్చడం లేదు.

పడవలో జీపీఎస్ ఉందా అని అడిగాను. ఉందంది. అయితే దారి తప్పడులే, పైనున్న ఉపగ్రహాలు చూపిస్తాయని ధైర్యం చెప్పాను.

"ఆటిని ఎవులైనా పడగొట్టీగలరేటి?"

"గలరు."

"ఎవులు, పరాయోళ్లా?"

"మనవాళ్లు కూడా."

"మనోళ్లకెందుకమ్మా?"

"పరాయివాళ్లు మనవి పడగొట్టకుండా," అన్నాను. అన్నాక ఆ మాట నాకే సరిగా అర్థం కాలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక పడవ కనిపించింది. దానయ్య నవ్వుతూ దిగాడు. "ఏటే, సచ్చిపోనాననుకున్నావేటి? జీపీఎస్సు ఉన్నాది కదా, బయ్యమేటి?"

ఎర్రమ్మ ఆ చిన్న యంత్రాన్ని లాక్కుని కొంగులో చుట్టేసింది. "ఇదున్నాదనే నీకింత పొగరు! ఇది కొనకముందు ఒడ్డు కనపడినంత మేరే ఎల్లీవోడివి."

"మరి రేపో?"

"రేపు ఇస్తాన్లే. ఇది లేకండా నిన్ను సముద్రం మీదకెలాగ ఒగ్గీమంతావు?"

తిరుగు రైల్లో రెండు పేజీలూ మళ్లీ చదివాను. మనిషిని ఇంటికి చేర్చేదే అతణ్ణి అంత దూరం లాక్కుపోతే, దాన్ని చేతిలో ఉంచాలా, దాచేయాలా? ఎర్రమ్మ రెండూ చేసింది. ఒక దేశానికి అది కుదురుతుందో లేదో నాకు తెలియదు. ముగింపు ఇంకా రాయలేదు.

మీరు వెళ్లేటట్టయితే పడవలు కదులుతున్నాయో లేదో శ్రీకాకుళంలోనే ఆటోవాళ్లని అడగండి. కదలడం లేదంటే అన్నం మూట వెంట ఉంచుకోండి, ఆ రోజు చేపల పులుసు దొరకదు. నాకు ఎర్రమ్మ పెట్టింది, దానయ్య తెచ్చిన చేపలతోనే. వెళ్లొద్దన్న చోటి నుంచి వచ్చిన చేప, తినొచ్చో కూడదో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోకుండానే తిన్నాను.