చెమ్మ లేని గోడ

ముప్పై ఏళ్లు ప్రభుత్వంలో ఇంజనీరుగా పనిచేసి నేను నేర్చుకున్నది ఒక్కటే: కాంట్రాక్టరు భయపడితేనే పని చేస్తాడు. అతని డిపాజిట్టు మన దగ్గర ఉండాలి, నోటీసు జేబులో ఉండాలి, మనిషి కళ్లముందు ఉండాలి. మంచిగా మాట్లాడామా, ఇసుక పెరుగుతుంది, సిమెంటు తగ్గుతుంది. తిరుపతిలో నన్ను చూస్తే కాంట్రాక్టర్లు లేచి నిలబడేవాళ్లు. రిటైరయ్యాక బస్టాండులో కనబడితే ఫోను చూసుకుంటూ పక్కకు తిరిగేవాళ్లు.

రిటైరైన ఏడాదికే నా భార్య పోయింది. మాకు పిల్లలు లేరు. చిత్తూరు నుంచి ఐరాల పోయే దారిలో ఇద్దరం కొనుక్కున్న స్థలం ఒకటి మిగిలింది, ఆమె తెల్లకాగితం మీద గీసిన ప్లాను ఒకటి మిగిలింది. వంటింటి కిటికీ తూర్పుకు ఉండాలని బాణం గుర్తు వేసి మరీ రాసింది. ఒక్కడికి ఇల్లెందుకని అందరూ అన్నారు. ఆ కిటికీ కోసమే మొదలుపెట్టాను. అది కట్టకపోతే ఆమె అడిగినది ఒక్కటీ చెయ్యనివాణ్ణవుతాను.

పని బంగారుపాళ్యం మేస్త్రీ ఒకతనికి అప్పగించాను. చిన్న ఇళ్లు కాంట్రాక్టుకు కట్టే మనిషి, మాట తక్కువ. ఒప్పందం ప్రతి వరుసా చదివి, ఆ తర్వాతే సంతకం పెట్టాడు. నేను చిత్తూరులో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పని ముందు కూర్చునేవాణ్ణి. గోడ నిలువు చూసే తూకం గుండు నా చేతిలోనే ఉండేది. రెండుసార్లు కట్టిన గోడ పడగొట్టించాను. మొదటిసారి తప్పు అతనిది, రెండోసారి నాది. రెండోసారి కూడా ఏమీ అనకుండా మళ్లీ కట్టాడు. నేనంటే ఉన్న భయమే పనిచేస్తోందనుకున్నాను.

వాకిలి నిలబెట్టే సమయం వచ్చింది. మా వైపు సింహద్వారం చట్రం నిలబెట్టడమంటే సగం గృహప్రవేశం. ఇంటి ఇల్లాలు గడపకు పసుపు రాసి కుంకుమ పెడుతుంది, చట్రానికి నవధాన్యాల మూట కడుతుంది. నాకా, ఇల్లాలు లేదు. చుట్టాల్లో ఎవరినైనా పిలిస్తే ఓదార్చడం మొదలుపెడతారు, అది నాకు పడదు. పూజలేమీ వద్దు, సోమవారం చట్రం నిలబెట్టెయ్ అని మేస్త్రీతో అన్నాను. అతను తల ఊపాడు.

సోమవారం ఎవరూ రాలేదు. ఊరికి పోతున్నానని, నాలుగు రోజులకు వస్తానని ఎవరి చేతనో కబురు చేశాడు. ఫోను ఎత్తలేదు. ఆ రోజంతా కుర్చీలో కూర్చుని సగం గోడలకు కాపలా కాశాను. సాయంత్రం టీ అంగట్లో నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చింది. పొద్దుటి నుంచి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. ఆ పనివాళ్లు తప్ప నాకు మాట్లాడే మనుషులు లేరు. అది ఒప్పుకోలేక కోపం తెచ్చుకున్నాను. గదికి పోయి పాత ఆఫీసు భాషలో నోటీసు రాశాను. తగు కారణము తెలుపని యెడల పని తమ నుండి తొలగించబడును అని రాసి, మరునాడు రిజిస్టర్ పోస్టు చేశాను. గంటలో బస్సు పోయే ఊరికి రిజిస్టర్ పోస్టు!

శుక్రవారం పొద్దున మేస్త్రీ వచ్చాడు. పక్కన ఒకామె, చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. అతని భార్య. చెల్లెలి కాన్పుకని గుడియాత్తంలో ఉంటే పోయి పిలుచుకొచ్చాడట.

"ఇంట్లో ఆడమనిషి లేదని ఉత్త గడప ఎట్ల నిలబెట్టేది సార్? నేను కట్టిన యే ఇంటికీ అట్ల సెయ్యలేదు. ముందే సెప్తే మీరు వద్దంటారని సెప్పలా" అన్నాడు.

తర్వాత జేబులోంచి నా నోటీసు తీశాడు. కవరు చించి ఉంది, కాగితం మడతలు నలిగి ఉన్నాయి.

"పోస్టులో ఏందో వచ్చినాది సార్. కళ్లద్దాలు మరిసిపోయి వచ్చినా. మీరే సదివి సెప్పండి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! కాగితం చేతిలో పట్టుకుని, మంచి రోజు చూసుకుని నిదానంగా రమ్మని రాశానని చదివాను. అట్లనే అనుకున్నానన్నాడు. అతని భార్య నేల చూస్తూ ఉండింది. ఆమె గడపకు పసుపు రాస్తుంటే నేను ఇటుకల వెనక్కు పోయి ఏడ్చాను.

ఆ తర్వాత తూకం గుండు సంచిలోనే ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు పాత బుద్ధి పోక, వాళ్లు అన్నానికి పోయినప్పుడు తీసి చూశాను. వెంట్రుకంత తేడా లేదు. అతను నాకు ఏనాడూ భయపడలేదు. తను కట్టిన ఇంటి ముందు నుంచి బండి మీద పోతూ తలెత్తి చూడగలగాలి, అతనికి అదే లెక్క. సర్వీసంతా నోటీసులు రాసిన నాకు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఇల్లు పూర్తయింది. అతనికి కొత్త బట్టలు పెట్టాను. వాళ్లు ఇంకో పనికి పోయారు, నేను తూర్పు కిటికీ దగ్గర మిగిలాను. వానాకాలం వచ్చాక రోజూ గోడల చుట్టూ తిరిగేవాణ్ణి. ఒక్క పగులు కనబడితే ఫోను చెయ్యొచ్చు. పాడు ఇల్లు, గీత కూడా పడలేదు.

చివరికి సిగ్గు విడిచి ఫోను చేసి, వంటింటి కిటికీ కింద చెమ్మ వస్తోందని అబద్ధం చెప్పాను. మధ్యాహ్నానికల్లా వచ్చాడు. గోడ మీద అరచెయ్యి పెట్టాడు. బయటికి పోయి చూసి వచ్చి మళ్లీ పెట్టాడు. పొయ్యి పక్కన నేను కడిగి పెట్టుకున్న రెండు కాఫీ గ్లాసులనూ చూశాడు. కారుతున్న కప్పు కింద నిలబడి కారడం లేదని వాదించే కాంట్రాక్టర్లను నేను ఎంతమందిని చూశానో.

"అవును సార్, చెమ్మ ఉండాది. తప్పు నాదే. ఇది ఒకసారితో పొయ్యేది కాదు, అప్పుడప్పుడూ వచ్చి సూడాల" అన్నాడు.

మళ్లీ ఎప్పుడు వస్తావని అడిగాను.