చివరి పేజీలు చదవని మేడమ్

ఆవిడ చివరి పేజీలు నిజంగానే చదవలేదా, లేక చదివి కూడా చదవలేదని చెప్పిందా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆవిడ గురించి మిగతావి చెప్పగలను.

ఆ లైబ్రరీలో మేడ మీద గది పదమూడేళ్ళు దాటిన పిల్లలది. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ నేనూ మెట్లెక్కి అక్కడే కూర్చునేవాణ్ణి. కింద గదిలో నా ఈడువాళ్ళు పేపర్లు ముందేసుకుని ప్రపంచాన్ని బాగుచేస్తుండేవారు. ఆ మరమ్మతు చప్పుడు నాకు పడేది కాదు. మేడ మీద పిల్లలు నన్ను కుర్చీలో భాగంగా లెక్కేసి వదిలేశారు.

ఆ గదికి లైబ్రేరియన్ ఆవిడ. యాభై దాటిన మనిషి. ఎవరు నవ్వినా ఏడ్చినా మొహం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుండేది. పిల్లలొస్తే నీకేం ఇష్టమని అడిగేది కాదు. ఇష్టాలడిగితే పిల్లలు అబద్ధాలు చెప్తారని ఆవిడ అనుభవం. ఏ పుస్తకం వదిలేశావు, ఎక్కడ వదిలేశావు అని అడిగేది, నొప్పెక్కడో డాక్టరు నొక్కి చూసినట్టు.

కొత్తగా మీసం మొలుస్తున్న ఒక పొడుగుపిల్లాడు ఒకరోజు వచ్చాడు.

"గ్రహాల గురించి ఏదైనా ఇవ్వండి మేడమ్."

"మొన్న తీసుకెళ్ళింది ఎక్కడ వదిలేశావు?"

"శనిగ్రహం దగ్గర."

"ఏమొచ్చింది శనికి?"

"అక్కడ ఎవరూ ఉండరు మేడమ్."

"ఎవరుండాలి?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు నాయనా? ప్రేమకథలు కిటికీ పక్క బీరువాలో, రెండో అర. బొమ్మల నవల కావాలా, ఉత్త అక్షరాలు చాలా?"

"బొమ్మలదే. అట్ట మీద మాత్రం ఏం కనపడకూడదు. అక్క చూస్తుంది."

"పాత పేపరుతో అట్టేసిస్తా. పైన గ్రహాలని రాయనా?"

"రాయండి మేడమ్."

ఎవరికైనా పుస్తకం చేతికిస్తూ ఆవిడ కథ సగందాకా చెప్పేది. మంచి పట్టులో ఆపేసేది. తర్వాతేంటని అడిగితే, "నాకేం తెలుసు? అక్కడిదాకే చదివాను. ఆఖరికేమైందో నువ్వొచ్చి చెప్పు" అనేది. వాళ్ళొచ్చి చెప్పేవాళ్ళు. ఆవిడ చిరిగిన పేజీలు అంటిస్తూ, తలెత్తకుండా, "అవునా?" అనేది. చూడబోతే నిజంగానే తెలియనట్టుండేది. పిల్లలు చాటుగా 'ఆఖరమ్మ' అని పేరు పెట్టారు. ఒకసారి ఇద్దరమ్మాయిలు ఒకే నవలకి రెండు రకాల ముగింపులు చెప్పారు. "మీలో ఒకళ్ళు చదవలేదు. ఎవరో మీకే తెలియాలి" అంది. ఇద్దరూ ఆ పుస్తకం కోసం మళ్ళీ క్యూ కట్టారు.

బడి వదిలాక వచ్చి, సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళే పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. బడి సంచితో పాటు చేతిలో ఫ్లాస్కు. తల్లి అక్కడ ఉంది. ఒకరోజు మూడు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ వదిలేశావు?"

"వదల్లేదు మేడమ్. మూడూ అయిపోయాయి. మూడింట్లోనూ అమ్మకి నయమైపోయింది."

"మంచిదేగా."

"మంచిదే. నయం కానిది ఒకటివ్వండి."

ఆవిడ జిగురు సీసాకి మూత పెట్టింది.

"ఇంట్లో ఏమంటున్నారు?"

"రెండు వారాల్లో అమ్మ వచ్చేస్తుందని నాన్న చెప్తున్నాడు. రాదని డాక్టరు అనడం నేను విన్నా. విన్నట్టు నాన్నకి తెలీదు. చాలా కష్టపడి అబద్ధమాడుతున్నాడు మేడమ్, పాపం. పాడుచెయ్యడమెందుకని నేనూ నమ్మినట్టే ఉంటున్నా. మీరెవరికీ చెప్పకండి."

"చెప్పను."

ఆ పిల్ల నా వైపు చూసింది. "మరి తాతగారో?"

"ఆయన చదువుతుంటే పక్కన పిడుగుపడ్డా వినపడదు."

నేను వెంటనే ఒక పేజీ తిప్పాను.

ఆవిడ పై అరలోంచి ఒక లావాటి బొమ్మల నవల తీసింది. అంతా నలుపూ తెలుపూ, మాటలు తక్కువ. "ఇందులో తల్లి ఆసుపత్రికెళ్తుంది. కూతురు రోజూ కుండీలకి నీళ్ళు పోస్తుంటుంది. నేను అక్కడిదాకే చదివాను."

"నయమవుతుందా?"

"ఏమో. బొమ్మలు గీసినాయన మాత్రం తొందరపడి నయం చేసే రకంలా లేడు."

కొన్నాళ్ళకి ఆ పిల్ల వచ్చి ముగింపు చెప్పింది. "పోయింది మేడమ్. కూతురు తర్వాత కూడా నీళ్ళు పోస్తూనే ఉంటుంది. ఒక పేజీ అంతా ఉత్త కుండీలే."

"అవునా?" అంది ఆవిడ.

"ఇంకోసారి చదివి తిరిగిస్తా."

ఆ మర్నాడే ఆ పిల్ల తండ్రి మెట్లెక్కి వచ్చాడు. వెనకాలే లైబ్రరీ పెద్దాఫీసరు. తండ్రి చేతిలో ఆ నవల ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

"దిండు కింద దొరికింది. ఇందులో తల్లి చచ్చిపోతుందమ్మా! నా భార్య ఆసుపత్రిలో ఉంది. మా అమ్మాయికి ఏ విషయమూ తెలీకుండా నేను ప్రాణం అరచేతిలో పెట్టుకుని నెట్టుకొస్తున్నా. ఇలాంటి పుస్తకమా దానికిచ్చేది?"

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆ అమ్మాయి అడిగిందా? మీరే ఇచ్చారా?"

అడిగిందన్న ఒక్క మాటతో ఆవిడ ఒడ్డున పడేది. అదే మాటతో, ఆ పిల్ల అన్నాళ్ళూ దాచింది తండ్రి కాళ్ళ దగ్గర పడేది.

"నేనే ఇచ్చాను."

"తల్లి పోతుందని తెలిసే ఇచ్చారా?"

"తెలీదు. చివరి పేజీలు చదవలేదు."

"చదవకుండానే పిల్లలకిస్తారా?"

"ఆఖరు నేనెప్పుడూ చదవను. ఎవర్నైనా అడగండి."

అడిగారు. ఆవిడకి మేలు చేస్తున్నాననుకుని పొడుగుపిల్లాడు లేచి నిలబడ్డాడు. "అవును సార్! ఆఖర్లన్నీ మేమే చెప్తాం. మేడమ్‌కి ఒక్కటీ తెలీదు."

నేనూ కుర్చీలోంచి లేచాను. "నేనొక్క మాట..."

ఆవిడ గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డు చూపించింది. "పెద్దాయనా, గదిలో మాట్లాడకూడదు."

అప్పటికి ఆ గదిలో ముగ్గురు గొంతులు చించుకుంటున్నారు. నేను కూర్చున్నాను.

"మీ అమ్మాయి ఎక్కడిదాకా చదివిందో చూడండి. గుర్తు పెట్టే ఉంటుంది" అంది ఆవిడ తండ్రితో.

ఆయన తెరిచి చూశాడు. "సగంలో ఉంది."

"అయితే ఇంకా తెలీదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మంచినీళ్ళున్నాయా అమ్మా?" అన్నాడు. ఆవిడే తెచ్చిచ్చింది.

నెలాఖరు నుంచి ఆవిడ ఊరవతల భవనంలో, పాత పుస్తకాలకి అట్టలు కట్టే విభాగంలో పనిచెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. అక్కడైతే చదవాల్సిన అవసరముండదని ఆఫీసరే స్వయంగా వివరించాడు. బొమ్మల నవలల ముగింపులు పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీవాళ్ళు ఆఖరి పేజీలు తప్ప ఇంకేమీ చదవరు. పని చురుగ్గానే సాగుతోందని విన్నాను.

చివరి రోజు కూడా ఆవిడ పేజీలు అంటిస్తూనే ఉంది. వెళ్ళిపోతున్నట్టు పిల్లలకి చెప్పలేదు. సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. తల్లి పోయాక రావడం అదే మొదలు. చేతిలో ఫ్లాస్కు లేదు.

"అమ్మ పోవడానికి ముందురోజు రాత్రి నాన్న కూర్చోబెట్టి అంతా చెప్పాడు మేడమ్. నేను అప్పుడే విన్నట్టు ఏడుద్దామనుకున్నా. నిజంగానే ఏడుపొచ్చింది. ఆయనకి నేనే మంచినీళ్ళిచ్చా."

"అన్నం తింటున్నాడా?"

"తింటున్నాడు. గుండీలు నేను పెడుతున్నా."

"ఏదైనా ఇవ్వనా?"

"నవ్వొచ్చేది. లావుగా ఉండాలి."

ఆవిడ వెతికి ఒకటి తీసిచ్చింది. ఈసారి కథ చెప్పలేదు. ఆ పిల్ల కిటికీ కింద నేల మీద కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది.

ఆవిడ బల్ల తుడిచింది. తాళాలు అటెండరుకిచ్చింది. వాడు గుసగుసగా, "పిల్లలకి చెప్పి వెళ్ళరా మేడమ్?" అన్నాడు.

"చదువుకుంటున్నారు" అంది.

గొడుగు చంకలో పెట్టుకుని నడిచింది. కిటికీ దగ్గర కొంచెం ఆగి, ఆ పిల్ల కాళ్ళకి గొడుగు తగలకుండా పక్కకి జరిగింది. ఆ పిల్ల నవ్వుతోంది, తలెత్తలేదు. నేను లేవబోయేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది. నావైపు చూడను కూడా చూడలేదు.

కింద గేటు చప్పుడైంది. ఆ పిల్ల ఇంకో పేజీ తిప్పింది.