ఒక నెల గడువు

మా ఆయన ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఏ పనైనా కాగితం మీద పడితేనే జరిగినట్టు లెక్క ఆయనకు. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినా అర్జీ పెట్టుకోమంటారేమోనని నేను వేళాకోళం చేసేదాన్ని. ఆ వేళాకోళం ఒక రోజు నాకే తగిలింది.

అప్పట్లో నగరం అంచున ఉన్న కొత్తగూడ చౌరస్తాలో నిలబడితే బండరాళ్లు, వాటి వెనక లేస్తున్న అద్దాల భవనం కనిపించేవి. మేం ఒక మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. ఓనరు ఆ ఊరి పెద్దాయనే. సందు చివర తమ పాత ఇంట్లో ఉండేవాడు. అందరికీ ఉన్నట్టే మాకూ పదకొండు నెలల అగ్రిమెంటు. అది ముగిసేసరికి నాకు ఆరు నెలలు నిండాయి.

అంతకుముందు ఒక బిడ్డ ఏడో నెలలోనే పోయింది. అందుకే ఆ ఇల్లు వదలడమంటే నాకు వణుకు. కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారకూడదని మా గోదావరి వైపు పట్టింపు ఎలాగూ ఉంది. నా అసలు భయం వేరు. మా ఎదురింటావిడ నర్సు. వరంగల్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. డ్యూటీ దిగి రాగానే తన ఇంట్లోకి కూడా పోకుండా మా ఇంటికొచ్చి నాకు బీపీ చూసేది. "ఏం ఫికర్ చెయ్యకు. నొప్పులొస్తే తలుపు గొట్టు, నేనుంట" అనేది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను నిద్రపోయేదాన్ని. పురుడు అయ్యేదాకా, మూడు నెలలపాటు, ఆ తలుపు నాకు ఎదురుగా ఉండాలి. ఇంకేమీ అడగలేదు నేను.

"ఓనరు గారిని మూడు నెలలు అడగండి" అని మా ఆయనకు చెప్పాను.

ఆయన నవ్వారు. "నీకు తెలీదు. మా ఆఫీసులో ఒకేసారి మూడు నెలలు సెలవు ఎవరూ అడగరు. పెద్ద గడువైతే ఫైలు పైకి పోతుంది, కొర్రీలు వేస్తారు. ముందు ఒక నెల అడగాలి. అది అయ్యాక ఇంకో నెల పొడిగించమనాలి. అలాగైతే ఎవరూ కాదనరు."

"ఆయన ఇంటి ఓనరండీ, మీ సూపరింటెండెంటు కాదు" అన్నాను. అని ఊరుకున్నాను. గట్టిగా పట్టుపట్టనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

కార్బను పెట్టి మరీ రాశారు అర్జీ. ఒక నెల గడువు ఇప్పించవలసిందిగా ప్రార్థన, ఆ గడువు తీరగానే తప్పక ఖాళీ చేయగలను అని. పెద్దాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని "మంచిది సారు" అన్నాడట. "చూశావా, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు" అంటూ మా ఆయన గెలిచినట్టు ఇంటికొచ్చారు.

మూడు వారాలకు పెద్దాయనే మా ఇంటికొచ్చాడు, ఏ పూట ఖాళీ చేస్తామో కనుక్కుందామని. మా ఆయన అప్పటికే రాసి ఉంచిన రెండో అర్జీ తీసి ఇచ్చారు. పెద్దాయన ముఖం మారిపోయింది.

"ఇదేంది సారు? నెల చాలన్నరు గద. ఆ అద్దాల బిల్డింగు కంపెనీ వాళ్లు గెస్ట్‌హౌస్‌కు కావాలంటే ఒకటో తారీఖున ఇస్తనని మాటిచ్చిన."

నేను గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. "బాబాయిగారూ, పురుడు అయ్యేదాకా ఉండనివ్వండి. ఇంకో రెండు నెలలే."

ఆయన నన్ను చూసి తల దించుకున్నాడు. "మొదలే మూడు నెలలని అడిగితే ఇయ్యకపోదునా బిడ్డా? సారే నెలని రాసిచ్చిండు. నేను దాని మీదనే మాటిస్తి."

అయినా ఆ సాయంత్రమే వెళ్లి కంపెనీ వాళ్లను అడిగి వచ్చాడు పాపం. వాళ్లు వినలేదట. మర్నాడు పొద్దున్నే మంచాలు తెచ్చి కింద మెట్ల పక్కన దింపేశారు. ఆయన చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపు మంట చల్లార్చుకునేదాన్ని. ఆ అవకాశమూ లేకుండా పోయింది నాకు.

ఆ వారంలో దొరికిన ఇల్లు లింగంపల్లిలో, స్టేషను వెనక. సామాను వ్యానులో ముందు సీట్లో కూర్చుని రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. ఎదురింటి నర్సమ్మ రోడ్డు దాకా వచ్చింది. ఎప్పుడూ చెప్పే మాట ఆ రోజు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

రెండు నెలల తర్వాత ఒక రోజు, మా ఆయన ఆఫీసుకు వెళ్లాక, నొప్పులు మొదలయ్యాయి. తలుపు తీస్తే ఎదురిల్లు తాళం వేసి ఉంది. గోడ పట్టుకుని నడుస్తూ మూడు తలుపులు కొట్టాను. మూడో ఇంటావిడ ఎవరో కూడా నాకు తెలియదు. ఆవిడే ఆటో పిలిచి దవాఖానకు తీసుకెళ్లింది. పాప పుట్టింది, బతికింది. ఆ మూడు తలుపుల మధ్య నేను ఎంత ఏడ్చానో ఆ వీధికి తెలుసు.

సాయంత్రం మా ఆయన పరుగున వచ్చారు. పాపను చూసి, కళ్లు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీశారు. సెలవు అర్జీ. మామూలుగా మూడు రోజులు పెట్టి పొడిగించుకుంటూ పోయే మనిషి, ఒకేసారి ముప్పై రోజులకు రాశారు.

"సరిపోతాయా?" అని అడిగారు భయంభయంగా.

"అడగాల్సింది అప్పుడండీ" అన్నాను.

ఆయన కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.